చోటు చాలని మాటలు

కూతురు హాస్టల్ గది ఖాళీ చేసి, పెట్టె సర్దుకుని ఎటో వెళ్లిపోయిందన్న కబురు విని అక్క గుమ్మంలోనే కూలబడిపోవడం కిందటివారం చూశాం. ఎవరితో వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో వార్డెన్‌కి తెలియదు. ఫోను చేస్తే పిల్ల ఎత్తడం లేదు. తెలుసుకునే దారి ఒక్కటే మిగిలింది. వెళ్లేముందు ఆ పిల్ల తల్లికి వరసగా పంపిన వీడియోలు. అక్కకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. తల్లీకూతుళ్ల కబుర్లన్నీ చేతులతోనే. వేరే ఊళ్లో చదువుతున్న కూతురు మనందరిలా రెండు ముక్కలు టైపు చేసి ఊరుకోదు. ఫోనుని ఎదురుగా గోడకి ఆనించుకుని, చేతులు తిప్పుతూ వీడియో తీసి పంపుతుంది. అదే ఉత్తరం, అదే ఫోన్ కాల్, అదే ముద్దు. చివరగా వచ్చిన ఆ వీడియోలు ఒక్కటీ తెరుచుకోలేదు. ఫోనులో చోటు లేదంది. ఆ ఫోను అక్కకి కొనిపెట్టింది చెల్లెలు. ఇప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ ఫోను కొన్న దుకాణం మెట్లెక్కుతున్నారు.

దుకాణం ఇరుకు. గాజుబల్లకి ఇవతల నలుగురు నిలబడితే ఐదో మనిషి మెట్ల మీదే ఆగాలి. గోడ నిండా ఫోను తొడుగులు ఆరేసిన పసిపిల్లల చొక్కాల్లా రంగురంగులుగా వేలాడుతున్నాయి. మూల నుంచి టంకం పెట్టిన పొగ వాసన వస్తోంది.

"రండి మేడమ్, రండి! గ్లాసు పగిలిందా? మార్చేద్దాం, నాదీ గ్యారంటీ!"

దుకాణదారు అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. మాటకి ముందోసారి, వెనకోసారి 'నాదీ గ్యారంటీ' అంటాడు కాబట్టి అందరికీ అతను గ్యారంటీయే. అక్క అతన్ని చూడటం ఇదే మొదలు. ఒక్క చూపు చూసి, చెవి వెనక చూపుడువేలు దోపుకుని చెల్లెలి వైపు కళ్లెగరేసింది. నిజమే, అతని చెవి వెనక బుల్లి స్క్రూడ్రైవర్ ఉంది. అంతే, అక్క భాషలో అతనికి పేరు పడిపోయింది. ఎంత కష్టంలో ఉన్నా మనిషికి పేరు పెట్టకుండా ఉండలేదు అక్క. చెల్లెలికైతే చిన్నప్పుడే పెట్టేసింది. పెదవుల ముందు వేళ్లు టపటపలాడిస్తే వాగుడుకాయ. కూతురికి, బుగ్గలో వేలు గుచ్చి ఒక తిప్పు తిప్పితే సొట్టబుగ్గ.

చెల్లెలికి నవ్వు రాలేదు. సంచిలోంచి ఫోను తీసింది, దాని పెట్టె తీసింది, రెండూ బల్ల మీద పెట్టింది.

"గ్లాసు కాదు. ఫోనే మార్చాలి."

"ఏమైంది మేడమ్? బంగారంలాంటి ఫోను."

"బంగారమే. పెట్టుకోడానికే చోటు లేదు. పెట్టె మీద అరవైనాలుగు జీబీ అని ఇంత లావు అంకె వేశారు. తెరిచి చూస్తే వాడుకోడానికి మిగిలింది సగానికి కాస్త పైన. తక్కింది ఎవరు తిన్నారు?"

"అది సిస్టమ్ మేడమ్. ఫోను నడవాలంటే దాని సామాను దానికుండాలి కదా. ఇల్లు కట్టినప్పుడు గోడల మందం కూడా కొలతలోకే వస్తుంది."

"గోడలు సరే. మేం అడగని ఆటలు, అప్పులిస్తామనే యాప్‌లు, షాపింగులు, జాతకాలు... వీళ్లంతా ఎవరు? ఇల్లు మేం తీసుకుంటే మీ చుట్టాలు ముందే దిగిపోయారు. పొమ్మంటే పోరు. మా అక్క ఇంటి పిల్లకి కాలు పెట్టుకోడానికి చోటు లేకుండా చేశారు."

బల్ల దగ్గర చార్జర్ బేరమాడుతున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. గ్యారంటీ కూడా నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి మానుకున్నాడు. నవ్వుకి బదులు వేలు పైకెత్తి గోడ మీద బోర్డు చూపించాడు. అమ్మిన వస్తువు వెనక్కి తీసుకోబడదు.

"ఆ బోర్డు చూసి వెనక్కి తగ్గకండి," అంది చెల్లెలు. అనగానే తన గొంతు తనకే వింతగా వినిపించింది. అది ఆమె ఇంటి గొంతు కాదు, మైకు గొంతు.

ఆమె పని బస్టాండులో ప్రకటనలు చదవడం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో పొద్దుటినుంచీ చెబుతూనే ఉంటుంది. బస్సుకీ బస్సుకీ మధ్య ఖాళీ దొరికితే చదవడానికి వినియోగదారుల హక్కుల కాగితం ఒకటి ఉంటుంది. కొనేముందు అడగండి, అడగడం మీ హక్కు. లోపమున్న వస్తువుని మార్చి ఇవ్వడం అమ్మినవారి బాధ్యత. బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. ఏళ్ల తరబడి చదివింది. నోరు చదువుకుంటూ పోయేది, మనసు ఇంట్లో కూర దగ్గర ఉండేది. తను చదివే మాటలకి అర్థం ఉందని ఈ మధ్యే, హాస్టల్ నుంచి కబురొచ్చాకే ఆమెకి తోచింది.

"లోపమున్న సరుకుకి మీ బోర్డు చెల్లదు. వాడుకోడానికి అసలెంత చోటు ఉంటుందో అమ్మేముందు చెప్పాలి. పెట్టె మీద ఎక్కడ రాశారు, చూపించండి."

"ఉంటుంది మేడమ్, రాయకుండా ఉండరు," అంటూ అతను పెట్టె అందుకోబోయాడు. అతని చెయ్యి ఒక మూల దగ్గర తటపటాయించి ఆగింది. చెల్లెలు ఆ తటపటాయింపు పట్టేసింది. ఆ మూల దుకాణం వాళ్ల ధర స్టిక్కరు ఉంది. గోటితో అంచు లేపి నెమ్మదిగా ఊడదీసింది. కింద చీమతలకాయలంత అక్షరాలు. వాడుకకు లభించే స్థలం పేర్కొన్నదానికన్నా తక్కువగా ఉంటుంది.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వంగి చదివాడు. "ఓర్నీ," అన్నాడు.

"స్టిక్కరు ఎక్కడో ఓ చోట అంటించాలి కదా మేడమ్..."

"పెట్టె చుట్టూ బోలెడు జాగా ఉంది. సరిగ్గా ఈ అక్షరాల మీదే దొరికిందా మీకు? కప్పెట్టి అమ్మారు. దీన్ని ఏమంటారో వినియోగదారుల ఫోరంలో వాళ్లే చెప్తారు. ఫిర్యాదు రాసే తెచ్చాను."

గ్యారంటీ మొహంలో రంగు తగ్గింది. చెవి వెనక స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ చెవి వెనకే పెట్టుకున్నాడు.

అక్కకి మాటలు అందకపోయినా పోరు ఎటు తిరిగిందో మొహాల్లోనే కనిపించింది. కళ్లద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని ఆమెది. గీత పడ్డ అద్దాన్ని దీపానికెత్తి చూసినట్టు మనుషుల మొహాలు చూస్తుంది. చెల్లెలి భుజం తట్టి, కళ్లనిండా గర్వంతో పెదవుల ముందు వేళ్లు టపటపలాడించింది. మా వాగుడుకాయ! తర్వాత గ్యారంటీ వైపు తిరిగి, గబగబా చేతులు తిప్పింది. అక్క ఎవరితోనైనా మాట్లాడితే ఆ మాటకి గొంతు ఇవ్వాల్సింది చెల్లెలే.

"మా అక్క అంటోంది," చెల్లెలు మొదలుపెట్టింది, "ఈ ఫోను మా చెల్లి కొనిచ్చింది. పెద్దది, ఎన్ని వీడియోలైనా పడతాయి, ఒక్కటీ తుడవక్కర్లేదని చెప్పింది. అందుకే నా కూతురు మొదటినుంచీ పంపినవన్నీ దాచుకున్నాను. మీరు మా చెల్లిని మోసం చేశారు..."

చివరి మాట అంటూ ఆమె చూపుని పెట్టె వైపు తిప్పుకుంది.

గ్యారంటీ తలెత్తాడు. "ఎన్ని వీడియోలైనా పడతాయనా? ఎవరు చెప్పారు మేడమ్? నేనా?"

చెల్లెలు ఊడదీసిన స్టిక్కరుని పెట్టె మీద మళ్లీ అదిమింది.

"స్టిక్కరు తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఏడ్చుకుంటూనైనా ఫోను మార్చి ఇస్తాను. కానీ నా నోటికి నేను స్టిక్కరు అంటించుకోలేదు మేడమ్. ఆరోజు నేను అడిగాను, వాడేది ఎవరని. వినపడని మనిషికి అన్నారు. అయితే వీడియోలు ఎక్కువుంటాయి, ఇది చాలదు, ఆ పక్కది తీసుకోండి, డబ్బులు మెల్లిగా ఇద్దురుగాని అన్నాను. అన్నానా లేదా? మీరేమన్నారు? 'ఆవిడకెందుకండీ అంతంత ఫోన్లు. ఆవిడకి మాట్లాడేదేముంది? చేతిలో ఒకటుంటే చాలు, నా ప్రాణం తియ్యకుండా ఉంటుంది' అన్నారు. ఇంటికెళ్లి మా ఆవిడకి కూడా చెప్పాను ఆ మాట. ఎందుకో గుర్తుండిపోయింది."

పెద్దాయన చార్జర్ అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

చెల్లెలికి గుర్తొచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చిన రోజు. గొంతు జీరపోయి ఉంది. పొద్దుటినుంచీ అక్క ఎవరెవరి ఫోన్లోంచో వీడియోలు పంపిస్తూనే ఉంది, ఎప్పుడు కొంటావు, ఇవాళ కొంటావా అని. విసుగొచ్చి అంది. పరాయివాడి ముందు, ఊరికే, ఎంతోమంది ఎన్నోసార్లు అనేసి మెట్లు దిగేలోపు మరిచిపోయే మాటలాగే అంది. ఇంటికెళ్లి పెట్టె అక్క చేతిలో పెట్టి, ఎన్నైనా పడతాయిలే అని కూడా ఊరికే అంది. ఆ రాత్రి అక్క ఫోనుని దిండు పక్కన పెట్టుకుని పడుకుంది. మర్నాడు అద్దాలు అరగదీసే గదిలో అందరి చేతుల్లో పెట్టి, మా చెల్లి కొనిచ్చింది, మా చెల్లి కొనిచ్చింది అని చూపించింది.

అక్క చెల్లెలి మోచెయ్యి గిల్లింది. 'ఏమంటున్నాడు?'

చెల్లెలి చేతులు పైకి లేచాయి. 'పొరపాటైందట. మార్చి ఇస్తాడట.'

అక్క అతన్ని చూసింది. చెల్లెల్ని చూసింది. 'అంతసేపు మాట్లాడాడు. ఇంతేనా?'

'ఇంతే.'

అక్క మొహంలో మొదట కనిపించింది కోపం కాదు. అలసట. చెల్లెలికి బాగా తెలిసిన అలసట. ఇంటికి నలుగురొచ్చి పగలబడి నవ్వుకుంటుంటే, ఏంటి ఏంటి అని అక్క అడిగేది. ఏం లేదులే, తర్వాత చెప్తా అనేది అమ్మ. తర్వాతెప్పుడూ ఎవరూ చెప్పలేదు. అరగంట మాటకి అక్కకి దక్కేది అరముక్క. పెళ్లయ్యాకా అంతే, మొగుడు పోయాకా అంతే. మొత్తం చెప్పింది ఒక్క సొట్టబుగ్గే. పాలు మరవని వయసు నుంచే ఆ పిల్ల వీధిలో విన్నది విన్నట్టు తల్లికి చేతులతో ఒప్పజెప్పేది. కూరగాయలవాడు తిట్టిన బూతు కూడా వదిలేది కాదు. అది విని, కాదు చూసి, తల్లి పొట్ట పట్టుకుని నవ్వేది.

'మొత్తం చెప్పు,' అంది అక్క. 'సొట్టబుగ్గ అయితే మొత్తం చెప్పేది.'

"నేను చెప్పింది చెప్పేశారా మేడమ్?" అన్నాడు గ్యారంటీ. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. అనవసరంగా అన్నానేమోనన్న భయం ఉంది.

నోటితో అయితే ఏ గోడవైపో చూస్తూ, సంచి సర్దుకుంటూ ఎలాంటి మాటైనా అనేసి గట్టెక్కవచ్చు. అక్క భాషలో ఆ వెసులుబాటు లేదు. అవతలి మనిషి కళ్లలోకి చూడాలి. చేతులతో పాటు మొహమూ మాట్లాడాలి, లేకపోతే అది మాట కాదు. చెల్లెలు తిరిగి నిలబడింది. గ్యారంటీ ఆరోజు ఏమడిగాడో చెప్పింది. పక్క ఫోను సంగతి చెప్పింది. తర్వాత తను అన్నది చెప్పింది. 'అక్కకెందుకు. అక్కకి మాట్లాడేదేముంది.' నోటి దగ్గర నుంచి చెయ్యి ముందుకొచ్చి ఖాళీ అరచెయ్యి అయింది. గొంతుతో అన్నప్పుడు ఆ మాటకి అసలు బరువే లేదు. ఇప్పుడు ఖాళీ అరచెయ్యి మొయ్యలేనట్టు కిందికి వాలింది.

అక్క రెప్ప వెయ్యలేదు. 'మళ్లీ చెయ్యి.'

'అక్కా...'

'సరిగ్గా చూడలేదు. మళ్లీ చెయ్యి.'

చెల్లెలు మళ్లీ చేసింది. ఏడుపు వల్ల మొహం అదుపులో లేదు, మాట చెదిరిపోయింది. అయినా అక్కకి అందింది. అక్క తన చెయ్యి తన నోటి దగ్గర పెట్టుకుని, ముందుకు తెచ్చి, అరచెయ్యి విప్పి, అందులోకి ఓసారి చూసుకుంది. కొత్తగా కొన్న వస్తువుని తిప్పి చూసినట్టు చూసింది.

'అక్కా, నేను కావాలని...' చెల్లెలి చేతులు గాలిలో వెతుక్కున్నాయి. 'వీడియో రావట్లేదని నువ్వు చెప్పిన రోజే రావాల్సింది. ఆదివారం వస్తానన్నాను. రాలేదు. ఆ తర్వాత ఆదివారం కూడా...'

అక్క ఆ చేతులని చూడటం లేదు. ఫోను తీసుకుని, మసకబారిన బొమ్మల వరస తెరిచి, గాజుబల్ల మీదుగా గ్యారంటీ ముందు పెట్టింది. ఒక్కో మసక బొమ్మ మీదా వేలు పెట్టి, కళ్లతో అడిగింది. దీనికి చెల్లెలి గొంతు అక్కర్లేకపోయింది.

గ్యారంటీ అటూ ఇటూ నొక్కి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. చెల్లెలితో కాకుండా అక్కతోనే, పెదవులు విడమరిచి, చేతులు తనకి చేతనైనట్టు తిప్పుతూ చెప్పాడు. "అమ్మా. వచ్చాయి. తలుపు దగ్గర నిలబడ్డాయి. లోపల చోటు లేదు. కొన్నాళ్లు ఆగాయి. వెళ్లిపోయాయి. పంపినవాళ్లే మళ్లీ పంపాలి." బల్ల మీది కాగితం మీద రెండు నీలం గీతలు గీసి చూపించాడు. "మీరు ఈ వరస తెరవగానే అక్కడ ఆ అమ్మాయి ఫోనులో ఇలా పడతాయి. మీరు చూసినట్టే కనిపించి ఉంటుంది."

అక్కకి అర్థమైంది. ఎంత అర్థమైందంటే, బల్ల అంచు పట్టుకుని అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. తను నొక్కీ నొక్కీ వేలు అరగదీసుకున్న రోజుల్లో, అక్కడ తన కూతురు, అమ్మ చూసింది, చూసి కూడా ఉలకలేదు పలకలేదు అనుకుంటూ కూర్చుంది. తిరిగి చెప్పాలన్నా ఈ ఫోను వీడియో తియ్యనివ్వలేదు. రాత అక్కకి పరాయిభాష. తన పేరూ, కూతురి పేరూ దాటి రాయలేదు.

చెల్లెలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని అక్క చేతులు పట్టుకోబోయింది. అక్క వాటిని విడిపించుకుని ఒళ్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

వినపడేవాళ్లు చెవులు మూసుకున్నా ఎంతోకొంత వినపడుతుంది. అక్క కళ్లు మూసుకుంటే ప్రపంచంలో ఎవరికీ ఆమెతో మాట్లాడే దారి ఉండదు. నాన్న కర్ర పుచ్చుకున్నప్పుడు మూసుకుంది. అత్తగారు వేలు చూపించి తిట్టినప్పుడు మూసుకుంది. చెల్లెలి ముందు ఎన్నడూ మూసుకోలేదు.

గ్యారంటీ ఏం చెయ్యాలో తెలియక ఫోను ముందుకు లాక్కున్నాడు. తప్పు చేసిన మనిషి చేతికేదో పని కావాలన్నట్టు, కంపెనీ కూరి పంపిన యాప్‌లని ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టాడు. పొమ్మంటే పోనివాటిని కంప్యూటర్‌కి తగిలించి ఊడబెరికాడు. ఆటలు పోయాయి, అప్పులు పోయాయి, జాతకాలు పోయాయి.

"ఈ పని ఆరోజే చేసి ఇవ్వాల్సింది," అన్నాడు ఎవరితోనో. "ఏ గ్యారంటీ మనిషిని నేను."

ఫోను ఒక్కసారి ఝల్లుమని వణికింది.

"మేడమ్." అతని గొంతు మారింది. "మేడమ్, ఇటు చూడండి. కొత్తదొకటి వస్తోంది. పాతది కాదు, నిన్నటిది. చోటు దొరగ్గానే దిగుతోంది."

చెల్లెలు గబుక్కున లేచింది. తెర మీద చిన్న వలయం నిండుతోంది. నిండింది. మసక విడిపోయి సొట్టబుగ్గ మొహం తేటగా కనిపించింది. ఏదో తెల్లటి గోడ, పక్కన ఓ కిటికీ. పిల్ల చిక్కిపోయింది.

వెంటనే అక్క భుజం తట్టాలి. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. చెయ్యి సగం వరకు చాచింది కూడా. అక్క మూసిన రెప్పలు చూసి, ఇంతకన్నా ఘోరమైన కబురేమైనా ఉంటే ముందు తను చూసి, మెల్లిగా చెబుదామనుకుంది. ఎప్పుడూ అనుకున్నట్టే. తెర మీద వేలు పెట్టింది.

పిల్ల చేతులు కదిలాయి. 'అమ్మా. ఇదే ఆఖరు వీడియో. ఇది కూడా చూసి ఊరుకుంటే ఇంక నిన్ను విసిగించను. నువ్వు పలకలేదంటే నేను నమ్మలేదమ్మా. ఫోను పాడైందేమో, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా. అందుకే పిన్నికి ఫోన్ చేసి అడిగా.'

చెల్లెలు తెర మీదికి వంగింది.

పిల్ల ఫోన్ చేసింది. నిజమే, చేసింది. రెండు బస్సుల మధ్య, మైకు మీద ఎర్రదీపం ఆరి ఉన్నప్పుడు. పిన్నీ, అమ్మ నా వీడియోలు చూసిందా అని. 'చూసే ఉంటుందిలేవే, నీలం గీతలు పడ్డాయంటున్నావుగా. ఇష్టం లేకపోతే మీ అమ్మ పలకదు, నీకు తెలీదా? వదిలెయ్, నాలుగు రోజుల్లో తనే దిగొస్తుంది.' అనేసి ఫోను పెట్టేసింది. ఎర్రదీపం వెలిగింది. ఆ ఫోన్ వచ్చిందని అక్కతో చెప్పాలని కూడా తోచలేదు. నిమిషం కిందటి దాకా గుర్తే లేదు.

తెర మీద పిల్ల మణికట్టుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చేతులెత్తింది. 'పిన్ని ఏమందంటే...'

చెల్లెలి బొటనవేలు దానంతటదే తెరని నొక్కింది. వీడియో ఆగింది. కింద గీతలో ఇంకా చాలా మిగిలి ఉంది. ఎక్కడున్నదీ, ఎవరితో ఉన్నదీ ఆ మిగిలినదాంట్లోనే ఉండాలి. ఆ పిల్లని చేరడానికి ఇంకో దారి లేదు. అక్క అది చూడాలంటే ఈ ముక్క దాటే రావాలి.

"ఆపేశారేంటి మేడమ్?" అన్నాడు గ్యారంటీ, ఆ చేతుల మాటలు ఒక్కటీ అర్థం కాక. "మంచి కబురేనా?"

ఆమె బదులు చెప్పేలోపే స్టూలు కిర్రుమంది. తిరిగి చూసింది. అక్క కళ్లు తెరిచి ఉన్నాయి. ఆ చూపు చెల్లెలి మీద లేదు. ఆగిపోయిన కూతురి మొహం మీద ఉంది.

అక్క లేచి వచ్చి, ఫోను కోసం చెయ్యి చాచింది.